ఊరు మారినా మారని కోడి

కిందటి వారం మాలతి సైకిల్ హంగరీ దాటి రొమేనియా పొలాల్లోకి దిగింది. ఫ్రాన్సులో సముద్రపు నీళ్ళతో చక్రం తడిపి బయలుదేరిన మనిషి, నల్లసముద్రంలో మళ్ళీ చక్రం తడిపేదాకా ఆగేది లేదని కూర్చుంది. వయసు యాభైకి దగ్గర. రాయపూర్‌లో ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. తోడుగా బయలుదేరింది రెబెకా, ఆస్పత్రి నర్సు. చిన్నప్పుడు రైల్వే కాలనీలో ఇద్దరూ ఒకే సైకిల్ మీద స్కూలుకు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పక్కపక్క ఇళ్ళు.

దారిలో సుఖం ఒకటైతే కష్టం రెండు. ఫ్రాన్సు పల్లెల్లో సోమవారం పూట ఒక్క రొట్టెల కొట్టూ తెరవలేదు. ఒక ముసలి రైతు ఉల్లిపాయలూ ఇంత చీజూ చేతిలో పెడితే గట్టు మీద కూర్చుని తిన్నారు. జర్మనీలో పట్టిన ముసురుకి గుడారం లోపలా బయటా ఒకటే తడి. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది పక్కన మాత్రం తొక్కకుండానే బండి పోతోందా అన్నంత చదునైన దారి. హంగరీలో పెద్దబాతుల మంద తరిమి తరిమి రెబెకాను కాలవలోకి దించింది. ఈ సంగతులన్నీ రాయపూర్‌లో, బీర్‌గావ్ వెళ్ళే రోడ్డు పక్కనున్న ఇంట్లో, వంటింటి గుమ్మానికి వేలాడే తెర వెనక నిలబడి విన్నది మాలతి తల్లి పైడమ్మ.

తెర వెనకే ఎందుకంటే, హాల్లో అల్లుడుంటాడు.

పైడమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో నౌపడా దగ్గర పల్లె. వాళ్ళవైపు అత్త అల్లుడి ఎదట పడదు. అతని ముందు కూర్చోదు. ముఖాముఖి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే మధ్యలో కూతురుంటుంది. “అల్లుడుగారికి మరో గరిటె పులుసెయ్యే” అని పైడమ్మ లోపలినుంచి అంటే, ఆ మాటను మాలతి నాలుగడుగులు మోసుకెళ్ళి భర్త ముందు పెట్టేది. “చాలని చెప్పు” అని ఆయనంటే దాన్ని మళ్ళీ లోపలికి మోసుకొచ్చేది. పైడమ్మ భర్త భీమారావు పోయాక ఆవిడ కూతురింటికి వచ్చింది. వచ్చిన వారానికే అల్లుడు మోహనకృష్ణ, అత్తగారికి ఇబ్బందని, పండరీ బజార్లో తను పనిచేసే బట్టల హోల్‌సేల్ దుకాణంలో ముదురు నీలం గుడ్డ ఏరి తెచ్చి ఆ గుమ్మానికి తెర కుట్టించాడు. అది వెలిసిపోతే ఇంకోటి. అదీ చిరిగితే మరోటి. గుడ్డ మారింది గాని, దానికి అటొకరు ఇటొకరు ఉండటం మారలేదు.

మాలతి వెళ్ళిన మర్నాటినుంచి చిక్కొచ్చి పడింది. మధ్యలో మనిషి లేదు. పైడమ్మ కుక్కరుతో మాట్లాడటం మొదలుపెట్టింది. “పప్పు దించీసినాను, ఆకలేసినోళ్ళు రావచ్చు.” మోహనకృష్ణ గోడకున్న కాలెండరుతో మాట్లాడేవాడు. “గ్యాస్ బుక్ చేశాను. రేపొస్తుంది.” కుక్కరూ కాలెండరూ పుణ్యం కట్టుకుని ఆ ఇల్లు నడిపాయి. సాయంత్రాలు మాత్రం కొంచెం నయం. రెబెకా తండ్రి జ్ఞానప్రకాశం, రిటైరైన రైలింజను డ్రైవరు, పక్కింటినుంచి మ్యాపు పట్టుకొచ్చి హాల్లో పరిచేవాడు. “ఇదిగో అక్కగారూ, ఇయ్యాల మన బండ్లు ఈ స్టేషన్లో ఆగినయ్యి” అని వేలు పెట్టేవాడు. ఆయన ఉన్నంతసేపూ ఇద్దరి మాటలూ ఆయన మీదుగా రాకపోకలు సాగించేవి. పాపం, తొలకరి పడగానే ఆయనకు కళ్ళకలక పట్టుకుంది. ఎవరికీ అంటించడం ఎందుకని రావడం మానేశాడు.

ఇక పొద్దుటి శబ్దం సంగతి.

భీమారావు రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో చక్రాలు పరీక్షించేవాడు. సుత్తితో కొట్టి వినడమే ఆయన పని. టంగుమని మోగితే చక్రం మంచిది. మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. కూతురు స్కూలుకు సైకిల్ తీస్తే ముందు చెంచాతో చక్రాల పుల్లలన్నిటినీ వరసగా తట్టి, విని, అప్పుడు “చల్” అనేవాడు. పైడమ్మ వంటింట్లోంచి వినేది. ఆ ఇంట్లో వెళ్ళొస్తానని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. చెంచా శబ్దమే ఆ మాట.

తండ్రి పోయాక మాలతి తనే తట్టుకునేది. యూరప్ వెళ్ళాక కూడా రోజూ పొద్దున్నే, కదిలే ముందు, చెంచాతో చక్రం తట్టి ఆ చప్పుడు రికార్డు చేసి భర్త ఫోనుకు పంపుతోంది. అక్కడ పొద్దెక్కే వేళకు ఇక్కడ పది దాటుతుంది. మోహనకృష్ణ దుకాణానికి బయలుదేరే ముందు చెయ్యి చాచి ఫోను తెరవైపు పెట్టి, దాని గొంతు పెంచి వినిపిస్తాడు. లోపల పైడమ్మ చేస్తున్న పని ఆపి వింటుంది. విని, “చల్” అని కుక్కరుతో అంటుంది. అప్పుడు ఆయన చెప్పులేసుకుంటాడు.

ఆ వేళ కూడా ఆయన ఫోను తెరవైపు పెట్టాడు.

టింగ్. టింగ్. టింగ్. వెంటనే ఒక కోడి కూసింది. తర్వాత మిగిలిన పుల్లలు మోగాయి. చివర మాలతి సన్నగా దగ్గింది. అయిపోయింది.

పైడమ్మ చేతిలో బెండకాయ చేతిలోనే ఉంది. “చల్” నోటిదాకా వచ్చి ఆగింది.

ఆ కోడిని ఆవిడకు తెలుసు. గొంతు చివర కాస్త జీరపోయి, ఎవరో మెడ పట్టుకున్నట్టు తెగిపోతుంది. నిన్నటి శబ్దంలోనూ ఇదే కోడి. మొన్నా ఇదే. మొదట్లో ఆవిడకు ముచ్చటేసింది. మూడో దెబ్బ పడగానే కూస్తోంది, ఆ దేశంలో కోళ్ళు కూడా ఎంత క్రమంగా డ్యూటీ చేస్తాయో అనుకుంది. నిన్న మధ్యాహ్నం బియ్యం ఏరుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. పిల్లలు రోజుకో ఊరు దాటి పోతున్నారు కదా. ఒక ఊరి కోడి ఇంకో ఊళ్ళో ఎలా కూస్తుంది? అప్పటినుంచి ఆ కోడి ఆవిడ చెవిలో గూడు కట్టుకుంది.

“నాకు తెలీక అడుగుతాను,” అంది కుక్కరుతో, కాస్త గట్టిగానే. “ఆ దేశంలో కోళ్ళు కూడా సైకిలెక్కుతాయేటి?”

కాలెండరు మాట్లాడలేదు.

“మూడో దెబ్బకి కూసింది. నిన్నా మూడో దెబ్బకే. ఆకర్న ఆ దగ్గూ అదే. ఊరు మారతాంది గాని కోడి మారనేదు.”

కుర్చీ జరిగింది. “దుకాణానికి టైమైంది,” అన్నాడు మోహనకృష్ణ కాలెండరుతో. చెప్పుల కోసం కాళ్ళు వెతుక్కుంటున్న చప్పుడు వినబడింది.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని పైడమ్మ అప్పుడు చేసింది. కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. తెర పక్కకు తోసి హాల్లోకి వచ్చి, అల్లుడికి ఎదురుగా మాలతి కూర్చునే కుర్చీలో కూర్చుంది.

మోహనకృష్ణ ఒక కాలికే చెప్పు వేసుకుని కొయ్యబారిపోయాడు. మొహంలోకి చూడొచ్చో లేదో తెలియక, చూపుని ముందు ఆవిడ పాదాల మీద పెట్టి, అక్కడినుంచి తీసి ఫ్యాను మీద పెట్టాడు.

“అత్తయ్యగారూ! మీరు... మీరెందుకు ఇలా బయటికి...”

“కూకోండి బాబూ.”

ఆయన కూర్చున్నాడు. వెంటనే మళ్ళీ లేచాడు. అత్తగారి ముందు కూర్చోవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

“కూకోండి. నాను లోపలున్నాను, మీరు బయటున్నారు. దానికే ఇలగయింది. సెప్పండి. నా పిల్ల ఉందా?”

“అయ్యయ్యో! రామ రామ!” మోహనకృష్ణ ఈసారి ఆవిడ మొహంలోకే చూశాడు. “ఉంది అత్తయ్యగారూ. సచ్ చెప్తున్నా. నిన్న కూడా మాట్లాడింది. బాగానే ఉంది.”

“బాగుంటే కొత్త శబ్దం ఏదీ?”

ఆయన ఫోను రెండు చేతుల్లో పట్టుకుని తిప్పాడు. “చక్రం లేదు,” అన్నాడు చివరికి. “ఎలా వస్తుంది శబ్దం?”

ఒక్కో మాటా తూకం వేసినట్టు చెప్పుకొచ్చాడు. రొమేనియాలో ఒక దిగుడు. వాన పడి ఆగింది. ఎదురుగా గడ్డి వేసుకుని గుర్రబ్బండి. పొలంలోంచి ఒక కుక్క అడ్డంపడింది. మాలతి హ్యాండిల్ పక్కకు తిప్పింది. ముందు చక్రం గోతిలో పడి అప్పడంలా వంకర తిరిగింది.

పైడమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. “దానికో?”

“మోచెయ్యి గీరుకుంది. గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. బస్, అంతే. ఎముకలన్నీ క్షేమం. ఆ ఊళ్ళో ఒక ముసలావిడ ఇంట్లో ఉంచుకుంది. నీలం గోడల ఇల్లు. వాకిట్లో చెర్రీ చెట్టు. కరెంటు స్తంభం మీద కొంగ గూడు కట్టుకుని పిల్లలకి మేత పెడుతోందట. చూస్తే పొద్దు తెలియడం లేదంది. తిండి కూడా బెంగపడక్కర్లేదు. మొక్కజొన్న పిండితో సంకటి లాంటిది వండిపెడుతోందట ఆవిడ. మీ సంకటిలాగే ఉంది, ఉప్పు తక్కువ, అంది.”

“ఎవరికి అంది?”

“నాకే.”

“మీకు సెప్పింది. నాకు సెప్పనేదు.” పైడమ్మ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. “మరి మీరో? పాతదే తెచ్చి రోజూ నా చెవికాడ పెట్టినారు.”

“ఏం చెయ్యను అత్తయ్యగారూ?” మోహనకృష్ణ చేతులు చాచాడు. “శబ్దం రాలేదని మీకు చెప్పాలి. మీకు నేను ఎలా చెప్పాలి? ప్రకాశంగారైనా రాకపాయె. కాలెండరు వైపు తిరిగి ‘మాలతి పడిపోయింది’ అంటానా? ఆ పొద్దున చాలాసేపు నిలబడ్డాను. మీరు లోపల పని ఆపేసి వింటున్నారని తెలుస్తోంది. చెయ్యి దానంతటదే పాతది నొక్కేసింది. మర్నాడు మళ్ళీ తప్పలేదు.”

పైడమ్మకు నవ్వొచ్చింది. నవ్వకూడని వేళ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇటు ఆవిడ ఆ కోడి సంగతి అడగలేక దాచుకుంది. అటు ఆయన ఆ కోడినే తెచ్చి తెచ్చి వినిపించాడు. మధ్యలో ఒక గుడ్డ.

“అది వద్దన్నదా? మీరే దాసినారా?”

“మాలతే వద్దంది.” ఆయన తల దించుకున్నాడు. “అమ్మకి తెలిస్తే వచ్చెయ్యమంటుంది. అమ్మ రమ్మంటే నేను నిలవలేను, వచ్చేస్తాను. ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా తిరిగొస్తే ఇక జన్మలో సైకిల్ ముట్టను, అంది.”

బయట వాన మొదలైంది. కిటికీ అవతల ఉర్లా వెళ్ళే లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి.

“ఇంకో మాట కూడా అంది,” అన్నాడు మోహనకృష్ణ. చెప్పాలా వద్దా అని ఆగాడు. తెర ఒకసారి దాటొచ్చిన మనిషి దగ్గర ఇంకేం దాచాలనుకున్నాడో ఏమో, చెప్పేశాడు. “అక్కడ పల్లెల్లో, ఒక్క రాత్రి పడుకోనిచ్చిన ఇంటివాళ్ళు కూడా గేటు దాకా వచ్చి నిలబడతారట. మలుపు తిరిగేదాకా చెయ్యూపుతారట. మాట తెలియదు, పేరు తెలియదు, అయినా ఊపుతారట. ‘మా అమ్మ ఒక్కసారీ గుమ్మంలోకి రాలేదండీ. బయల్దేరిన రోజు గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాను. తెర కదలలేదు’ అంది.”

కదలలేదు. నిజమే. పైడమ్మ ఆ వేళ తెర వెనక బియ్యం కడుగుతోంది. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

ఎవరైనా ఊరెళ్తుంటే ఆవిడకు కాళ్ళు గుమ్మం వైపు రావు. చిన్నపిల్లగా పెళ్ళయి నౌపడాలో రైలెక్కినప్పుడు తల్లి ప్లాట్‌ఫారం మీద చెయ్యూపుతూనే ఉంది. పైడమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. మళ్ళీ తల్లిని చూడలేదు. చూస్తే పోతారన్న భయం అప్పుడు పట్టుకుంది. అందుకని చూడటం మానేసింది. కాని చూడకపోయినా పోయారు. భీమారావు పొద్దున డ్యూటీకని వెళ్ళిన మనిషి. ఆవిడ పెనం మీద అట్టు తిప్పుతూ తలెత్తలేదు. ఆ సాయంత్రం ఆయన్ని నలుగురు మోసుకొచ్చారు. కొడుకు శివాజీ సంగతి మరీ అన్యాయం. తండ్రితో మాటామాటా పెరిగి, వెల్డింగు పనికి దేశాలు పోతానని సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడని తర్వాత మాలతి చెప్పింది. ఆవిడ బియ్యం కడుగుతూనే ఉంది. ఒక దేశంనుంచి ఇంకో దేశానికి మారాడని, చివరికి యూరప్ వైపు పోయాడని కొన్నాళ్ళు ఎవరో ఒకరు చెప్పేవారు. తర్వాత చెప్పేవాళ్ళూ లేకుండా పోయారు. తండ్రి పోయిన కబురు వాడికి చేరిందో లేదో కూడా తెలియదు.

“రెబెకా ఉంది కదా తోడు,” అన్నాడు మోహనకృష్ణ, ఆవిడ మొహం చూసి. “నర్సు పక్కనుంటే ఇంక పరేషాన్ ఏముంది?”

“అదే ధైర్నం,” అంది పైడమ్మ. కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. “కలపండి. మొకాలు కనిపించేది.”

“వీడియోనా? మీరు మాట్లాడతారా? రమ్మంటారా దాన్ని?”

“ముందు కలపండి బాబూ.”

ఫోను చాలాసేపు మోగింది. తర్వాత అందులో ఒక చెవి, కొంచెం ఆకాశం, చివరికి మాలతి. గడ్డం కింద తెల్లటి ప్లాస్టరు. భర్త భుజం పక్కన తల్లి మొహం కనిపించగానే నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

“అమ్మా! నువ్వు హాల్లో ఉన్నావా? ఆయన పక్కన?”

“ఉన్నాను. నీ కోడి నన్ను బయటికి తెచ్చీసింది.”

“ఏ కోడి?”

“తరవాత ఆయన సెప్తారు. ఆ గడ్డం సూపించు. ఇటు తిప్పు. వాపు నేదు. రెబెకా ఏదే?”

మాలతి ఒక్క క్షణం పక్కకు చూసింది. “ఇక్కడే ఉందమ్మా. పనిలో ఉంది.” వెంటనే మాట మార్చింది. “చక్రం వచ్చేసింది చూడు. గుర్రాలకు నాడాలు కొట్టే ఆయన చేశాడు. పుల్లలు కూడా ఆయనే బిగించాడు. అమ్మా... నీకు తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నా. వచ్చెయ్యమంటావా?”

“చెంచా ఉందా?”

“ఆఁ?”

“చెంచా. తట్టు. ఇంటాను.”

మాలతి ఫోను ఎవరికో అందించింది. బొమ్మ అటూ ఇటూ ఊగి, నిలిచింది. ఇప్పుడు సైకిల్ మొత్తం కనబడుతోంది. వెనక నీలం గోడ, చెర్రీ చెట్టు, చెట్టు కింద తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ. మాలతి ఒక చేత్తో ముందు చక్రం పైకెత్తి, రెండో చేత్తో తట్టడం మొదలుపెట్టింది. టింగ్. టింగ్. టింగ్. ఈసారి కోడి కూయలేదు. టింగ్. టింగ్. టక్.

“అది కాదు!”

ఇద్దరూ ఒకేసారి అన్నారు. అత్త అల్లుడి వైపూ, అల్లుడు అత్త వైపూ తిరిగి, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“రోజూ అదే వినీ వినీ నాకూ వచ్చేసింది,” అన్నాడు మోహనకృష్ణ సిగ్గుపడుతూ.

“అది బిగించాల,” అంది పైడమ్మ ఫోనుతో. “మీ నాన్నయితే ఆ బండిని కదలనిచ్చీవోడు కాడు.”

మాలతి నవ్వింది. పానా తెచ్చి, ఆ పుల్ల మొదట్లో తిప్పింది. తట్టింది. ఇంకాస్త తిప్పింది. టింగ్. తలెత్తి తల్లివైపు చూసింది. యాభై ఏళ్ళ మనిషి మొహంలో స్కూలుకు ఆలస్యమవుతున్న పిల్ల తొంగిచూసింది.

“మలుపు దాకా వెళ్ళి వస్తాను. చక్రం ఎలా ఉందో తెలుస్తుంది. చూస్తావా అమ్మా?”

పైడమ్మ చేతులు ఒళ్ళో వెతుక్కున్నాయి. కడగడానికి బియ్యం లేవు. లేచి పోవడానికి వంటిల్లు ఆరడుగుల దూరంలో ఉంది. తెర పక్కకు తోసే ఉంది.

“సూస్తాను,” అంది.

మాలతి సైకిలెక్కింది. ఫోను పట్టుకున్న మనిషి వైపు చూసి, “కొంచెం వెనక్కి జరుగు, అమ్మకి మలుపు కనబడాలి,” అంది. బొమ్మ వెంటనే వెనక్కి జరిగింది. గేటు, మట్టిరోడ్డు, రోడ్డు చివర గడ్డివాము దగ్గర వంపు, అన్నీ కనబడ్డాయి.

పైడమ్మ ఫోను దగ్గరికి వంగింది.

“ఎల్లి రా అమ్మా.”

ఇన్నేళ్ళ బతుకులో ఆవిడ ఎవరికీ అనని మాట. మాలతి విన్నదో లేదో, ఎడం చెయ్యి పైకెత్తి ఊపింది. సైకిల్ చిన్నదయింది. ఇంకా చిన్నదయింది. ముసలావిడ గేటు దగ్గరికి వచ్చి చెయ్యూపుతోంది. రాయపూర్‌లో, హాల్లో, పైడమ్మ చెయ్యి కూడా దానంతటదే లేచింది. సైకిల్ గడ్డివాము దాటి కనబడకుండా పోయింది.

ఖాళీ రోడ్డు. గాలికి చెర్రీ కొమ్మ ఊగుతోంది. పైడమ్మ రెప్ప వెయ్యలేదు. భయం భయంగానే ఉంది. అయినా చూస్తోంది. ఊరికే ఉండలేక, ఫోను పట్టుకున్నది రెబెకాయే కదా అని పలకరించింది.

“దాన్ని ఒంటరిగా ఒగ్గీకే తల్లీ. నువ్వున్నావనే నాను ఎల్లి రమ్మన్నాను.”

జవాబు రాలేదు. బొమ్మ మాత్రం ఒక్కసారి అదిరింది, పట్టుకున్న చెయ్యి వణికినట్టు. గాలేమో అనుకుంది పైడమ్మ.

గంట మోగింది. గడ్డివాము వెనకనుంచి సైకిల్ తిరిగొచ్చింది. మాలతి గంట మోగిస్తూనే గేటు దాకా వచ్చి, ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడింది. చెంపలు ఎర్రబడ్డాయి.

“చూశావా? వచ్చేశాను.”

“సూసినాను.” పైడమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. “చల్. సముద్రం సూసి రా.”

ఫోను ఆగిపోయింది. తర్వాత పైడమ్మ, “దుకాణానికి పొద్దుపోయింది కదా, అన్నం తినే ఎల్లండి బాబూ,” అంది. కుక్కరుతో కాదు, ఆయనతోనే. మోహనకృష్ణ కాలికున్న ఆ ఒక్క చెప్పూ విప్పేశాడు.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది. వానలో ఇంజను ఆపకుండానే ఆటోవాడు అరిచాడు. “ఎహీ ఘర్ హే కా బాబూజీ?”

“ఆ పక్కది. కాని ముందు ఇక్కడే ఆపయ్యా,” అన్న గొంతు జ్ఞానప్రకాశానిది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గొడుగు విప్పుకుంటూ దిగాడు. “అక్కగారూ! చూడండి మా పిల్ల చేసిన పని! ఒక్క ముక్క ముందు చెప్పకుండా పొద్దున్నే స్టేషన్నుంచి ఫోన్ కొట్టింది. ఢిల్లీ బండి దిగాను, తీసుకుపో నాన్నా అని.”

ఆయన వెనక, ఆటోలోంచి ఒక కాలు జాగ్రత్తగా కిందికి దిగింది. మోకాలికి గట్టి పట్టీ. చేతికర్ర ఊనుకుని రెబెకా నిలబడింది.

“పెద్దమ్మా, నన్ను తిట్టొద్దు,” అంది గుమ్మం ఎక్కుతూ. “బాతుల దెబ్బకి మోకాలు పోయింది. హంగరీలోనే తొక్కడం మానేశాను. ఇన్నాళ్ళూ అక్కడ తెలిసిన నర్సు ఇంట్లో ఉన్నాను. మీరంతా హడలిపోతారని మాలతే చెప్పొద్దంది. ఎలా ఉంది అది? గడ్డం కింద ప్లాస్టరు ఫొటోలో చూసి నేనూ...” అందరి మొహాలూ చూసి ఆగిపోయింది. “ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?”

మోహనకృష్ణ చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన దాని వైపు చూశాడు. రెబెకా వైపు చూశాడు.

పైడమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్ళ ముందు ఆ మట్టిరోడ్డు ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర చెయ్యూపిన ముసలావిడ ఉంది. ఒక్కసారి అదిరిన బొమ్మ ఉంది.

“బాబూ,” అంది. “కొంచెం వెనక్కి జరుగు అన్నాది కదా మాలతి. తెలుగులోనే అన్నాది కదా.”

“అవునత్తయ్యగారూ.”

“మరి జరిగిందెవరు?”